కూర ఉడికేటన్ని బిరుదులు

ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నేను కొంచెం కలిపేసి ఉండవచ్చు. ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్పేదాన్ని. ఇప్పుడు పొయ్యి వెలిగించిన సంగతి చెప్పేశాక గింజలు ఒలిచిన సంగతి గుర్తొస్తోంది. అందుకని గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను. వరస తప్పినచోట చదివేవాళ్ళు సర్దుకోవాలి.

పెన్నగడ్డ అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. పొద్దున గుర్రం ఎక్కితే మధ్యాహ్నానికి పొలిమేర దాటిపోయేంత చిన్నది. దాన్ని ఏలే మల్లభూపతి మాత్రం తాను చిన్న రాజునని ఎన్నడూ అనుకోలేదు. మనిషి చెడ్డవాడు కాదు. జనాన్ని పీడించలేదు, అనవసరంగా యుద్ధాలకు పోలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, పొగడ్త.

ఆ జబ్బుకు మందు వేయకుండా మేత వేసినవాడు కొమ్మన.

కొమ్మన కొలువులో చమత్కారి. ఎదుటివాడు నోరు తెరిచేలోగా జవాబు తయారుగా ఉండేది అతని దగ్గర. రాజుగారికి బిరుదులు కట్టడం కూడా అతని పనే. వేసవిలో ఓ సాయంత్రం వాన పడింది. కొమ్మన రాజుగారికి ‘వర్షాకర్షణ’ అని బిరుదు కట్టాడు. కోట వెనక బావి తవ్వించారు. ‘కూపఖనన సార్వభౌమ’ అన్నాడు. పొరుగు రాజుగారి ఏనుగును కందిరీగలు కుడితే అది పొలాలకు అడ్డంపడి పారిపోయింది. ఆ సమయానికి మల్లభూపతి మేడ మీద నిలబడి ఉన్నాడు కనక ‘గజవిద్రావణ’ అయ్యాడు. పడిశెం తగ్గితే ‘పీనసాంతక’ అయ్యాడు. బిరుదు కట్టినప్పుడల్లా కొమ్మనకు ఓ పట్టు ఉత్తరీయం వచ్చేది. అతని ఇంట్లో దండెం మీద ఖాళీ ఉండేది కాదు.

ఆ కోటలో ఓ ఆచారం ఉండేది. రాజుగారు భోజనానికి కూర్చుని, అరిటాకులో వడ్డన అంతా అయ్యాక, వీరభట్టు అనే స్తోత్రపాఠకుడు ముందుకొచ్చి బిరుదులన్నీ చదవాలి. ఒక్కో బిరుదుకూ ఒకసారి శంఖం ఊదాలి. అన్నీ పూర్తయ్యేదాకా రాజుగారు ముద్ద కలపకూడదు. ఇది మల్లభూపతి తాతగారి నాటి ఆచారం. తాతగారికి ఉన్న బిరుదులు ఒక గుక్కలో అయిపోయేవి. మనవడి దగ్గరికి వచ్చేసరికి వీరభట్టు మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తాగవలసి వచ్చేది.

ఇంకేముంది, రాజుగారు ముద్ద కలిపేసరికి నెయ్యి పేరుకుపోయేది. పప్పు మీద తొరక కట్టేది. వేపుడు మెత్తబడేది. మల్లభూపతికి కోపం వచ్చేది.

“ఇంత రాజ్యానికి రాజునై ఏం లాభం? వేడి అన్నానికి నోచుకోలేదు” అనేవాడు.

కారణం కొలువులో ప్రతివాడికీ తెలుసు. చెప్పడం ఎట్లా? బిరుదులు ఎక్కువయ్యాయంటే రాజుగారి గొప్ప తక్కువని అన్నట్టే. అందరికంటే బాగా తెలిసినవాడు కొమ్మన. అతను అసలే చెప్పలేడు. ఆ మాట అంటే తాను కట్టినవాటిని తానే తప్పుపట్టినట్టు.

అట్లా ఎవరూ చెప్పక, తప్పంతా వంటావిడ మీద పడింది. ఇక ముందు చెప్పబోయే చెంగమ్మ కాదు, ఆమెకు ముందు వంట చేసిన ఆవిడ. ఓ రోజు మల్లభూపతి అరిటాకును చేత్తో నెట్టేసి, “దీని చెయ్యి చచ్చింది. పంపించేయండి” అన్నాడు. పంపించడంతో ఆగలేదు. దండోరా కూడా వేయించాడు, కోటలో వంటావిడ చెయ్యి చచ్చిందని, ఆమె చేత ఎవరూ వంట చేయించుకోకూడదని. వంట తప్ప మరో పని రాని మనిషికి అది ఎంత దెబ్బో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. కొమ్మన ఆలోచించాడు. ఆలోచించి తల వంచుకున్నాడు. ఆ నెలలోనే అతనికి ఇంకో ఉత్తరీయం వచ్చింది. దాన్ని అతను ఎన్నడూ కప్పుకోలేదు. కప్పుకోకపోతే మాత్రం ఎవరికి మేలు?

ఏళ్ళు గడిచాయి. బిరుదులు పెరిగాయి. చెంగమ్మ వంతు వచ్చింది.

ఆ పూట గుత్తివంకాయ కూర నూనె గడ్డకట్టి ఉంది. మల్లభూపతి వంకాయను వేలితో పొడిచి చూసి, “దీని చెయ్యి కూడా చచ్చింది” అన్నాడు. “రేపు దండోరా వేయించండి.”

చెంగమ్మ తలుపు చాటున నిలబడి ఉంది. ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అంతే. కొమ్మన అటు చూశాడు. తల వంచుకోబోయాడు. మెడ వంగలేదు.

“ప్రభూ, ఒక్క మనవి” అన్నాడు.

“ఏమిటి, కొత్త బిరుదా?”

“కాదు ప్రభూ. దండోరా వేయించే ముందు చెంగమ్మకు ఒక్క పూట ఇప్పించండి. రేపు మీరు వచ్చి ఆకు ముందు కూర్చున్నాకే పొయ్యి వెలిగిస్తాం. మీ ఎదుటే వండి, పొగలు కక్కుతుండగా వడ్డిస్తాం.”

మల్లభూపతి కనుబొమలు ముడిచాడు. “అంటే ఖాళీ ఆకు ముందు రాజు కాచుకుని కూర్చోవాలా?”

“ఒక్క క్షణం కూడా కాచుకోనక్కర్లేదు. మీరు ఆచారం ప్రకారం ఏ క్షణాన ముద్ద కలపవచ్చో ఆ క్షణానికి అన్నం, కూర ఆకులో ఉంటాయి. ఆలస్యమైతే చెంగమ్మతో పాటు నన్నూ పంపించేయండి. దండోరాలో నా నాలుక చచ్చిందని వేయించండి.”

కొలువులో నవ్వులు లేచాయి. మల్లభూపతి కూడా మీసం దువ్వుకున్నాడు.

“అంత చిటికెలో ఏం వండుతావు కొమ్మనా?”

“పచ్చి అలసంద గింజలు, తోటకూర. నూకల అన్నం.”

“బళ్ళు తోలుకునేవాళ్ళ తిండి కదయ్యా అది.”

“అవును ప్రభూ. వాళ్ళే వేడిగా తింటున్నారు.”

ఆ మాట రాజుగారికి ఎక్కడో తగిలింది. “సరే, కానియ్. ఓడిపోతే మాత్రం నిన్ను చూసి జాలిపడను” అన్నాడు.

కొలువు ముగిశాక కొమ్మన వంటసాలకు వెళ్ళాడు. చెంగమ్మ గిన్నెలు బోర్లిస్తోంది. ఇక తనవి కావన్నట్టు ఒక్కో గిన్నెనూ మెల్లగా పెడుతోంది.

“అయ్యగారూ, నామీద జాలితో మీ కొలువు పోగొట్టుకోకండి. గింజ ఉడకాలంటే దానికి పట్టే కాలం దానికి పట్టాల్సిందే. మీ మాటకు ఉడకదు అది” అంది.

“మాటకే ఉడుకుతుంది చెంగమ్మా. వీరభట్టు చదవడం నువ్వు రోజూ వింటావు కదా?”

“వినక చస్తానా? తలుపు చాటున అదేగా నా పని. వర్షం బిరుదు దగ్గర అన్నం మీది ఆవిరి పోతుంది. ఏనుగు బిరుదు దగ్గర నెయ్యి పేరుకుంటుంది. బావి బిరుదు వచ్చేసరికి ఇక నేను అటు చూడను.”

కొమ్మన ఆమె ఎదుట పీట వాల్చుకుని కూర్చున్నాడు. “అయితే చెప్పు. పొయ్యి రాజెయ్యగానే అతను చదవడం మొదలుపెడితే, గింజ ఏ బిరుదు దగ్గర మెత్తబడుతుంది?”

చెంగమ్మ చేతిలోని గిన్నె ఆగింది. కాసేపు పెదవులు కదిపింది, లోపల చదువుకుంటున్నట్టు. తర్వాత ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి కొమ్మనకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇదే మాట ముందున్నావిడను ఎందుకు అడగలేదా అనిపించింది. ఆవిడ కూడా ఇట్లాగే తలుపు చాటున నిలబడి ఉంటుంది. ఆవిడ ముఖం గుర్తుతెచ్చుకోబోతే కొంగు అంచు మాత్రం గుర్తొచ్చింది.

మర్నాడు భోజనశాలలో రెండు కుంపట్లు పెట్టారు. బొగ్గులు పేర్చి ఉన్నాయి, నిప్పు లేదు. ఓ పక్క చేటలో అప్పుడే ఒలిచిన అలసంద గింజలు, లేత తోటకూర కట్టలు, కడిగిన నూకలు. చింతపండు రసం, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, గరిటెలో నెయ్యి. చెంగమ్మ ఒక కుంపటి దగ్గర, కొమ్మన రెండో కుంపటి దగ్గర కూర్చున్నారు. ఉత్తరీయం నడుముకు బిగించి విసనకర్ర పట్టుకున్న కొమ్మనను చూసి వీరభట్టు మూతి ముడిచాడు.

మల్లభూపతి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఎదుట ఖాళీ ఆకు.

“వీరభట్టు గారూ, కానివ్వండి” అన్నాడు కొమ్మన. బొగ్గుల్లో నిప్పు వేశాడు.

శంఖం ఊదారు. వీరభట్టు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కొమ్మన విసురుతున్నాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. రెండింటి మీదా ఎసరు పడింది. రాజుగారి వంశం, సూర్యుడికీ ఆ వంశానికీ ఉన్న చుట్టరికం ముగిసేసరికి ఎసరు మరిగింది. చెంగమ్మ గింజలు ఇందులో, నూకలు అందులో వేసి మూతలు పెట్టింది.

“వర్షాకర్షణ” అన్నాడు వీరభట్టు. శంఖం మోగింది. చెంగమ్మ మూత తీసి ఒక గింజను వేళ్ళ మధ్య నొక్కి చూసి, మళ్ళీ మూత పెట్టింది.

పచ్చి అలసందలు ఉడుకుతుంటే వచ్చే వాసన ఒకటుంటుంది, కమ్మగా, కొంచెం మట్టి తగిలినట్టు. అది భోజనశాల నిండా పరచుకుంది. మల్లభూపతి ముక్కు కదిలింది. పీట మీద అటు ఇటు సర్దుకున్నాడు.

“ఉడికిందా?”

“ఇంకా పలుకు మీద ఉంది ప్రభూ” అంది చెంగమ్మ.

“ఆ పులుసేదో పోసేయ్, పని అయిపోతుంది.”

“ఇప్పుడే పులుపు పోస్తే గింజ బిగుసుకుపోతుంది ప్రభూ. ఇక ఎన్ని బిరుదులు చదివినా మెత్తబడదు. బావి బిరుదు దాటాక పోస్తాను.”

మల్లభూపతి ఆమెను వింతగా చూశాడు.

వీరభట్టుకు ఇదంతా చిరాగ్గా ఉంది. తొందరగా ముగించి పోవాలని గుక్క తిప్పుకోకుండా చదవసాగాడు. కొమ్మన విసనకర్ర ఎత్తి ఆపాడు.

“అయ్యా వీరభట్టు గారూ, నిదానం. మీరు అట్లా పరుగెత్తితే గింజ అందుకోలేదు. రోజూ చదివినట్టే చదవండి.”

“నువ్వెవడివయ్యా నాకు చెప్పడానికి?”

“రోజూ చదివినట్టే చదవవయ్యా” అన్నాడు రాజు. ఆకలిగా ఉన్నా పందెం పందెమే.

“గజవిద్రావణ.” శంఖం.

చెంగమ్మ తోటకూరను గుప్పిళ్ళతో తీసి గింజల మీద వేసింది. అంత ఎత్తున ఉన్న ఆకు చూస్తుండగానే అణిగి గింజల్లో కలిసిపోయింది. ఉప్పు వేసింది. మిరియాల పొడి చల్లింది. రెండో కుంపటి మీద అన్నం పొంగి, అణిగి, మగ్గుతోంది.

“ఇప్పుడు ఎక్కడున్నాం?” అన్నాడు మల్లభూపతి. గొంతు నీరసంగా ఉంది.

“ఏనుగు పారిపోయింది ప్రభూ. ఇంకా బావి తవ్వాలి. పడిశెం తగ్గాలి” అన్నాడు కొమ్మన.

“అన్ని ఉన్నాయా ఇంకా?”

“ఉన్నాయి ప్రభూ. పోయిన శ్రావణంలో పిల్లి దారి తప్పి అంతఃపురంలోకి వస్తే మీరు వెళ్ళగొట్టారు, అది కూడా ఉంది.”

మల్లభూపతి వీరభట్టుతో, “పిల్లి సంగతి వదిలెయ్యవయ్యా” అన్నాడు.

వీరభట్టు చేతులు జోడించాడు. “ఒక్క బిరుదు తప్పినా శిక్ష అని తమరే ఆజ్ఞ ఇచ్చారు ప్రభూ.”

రాజు ఖాళీ ఆకు వైపు చూసుకున్నాడు. కూపఖనన సార్వభౌమ అయింది. చెంగమ్మ పులుసు పోసింది. గరిటెలో నెయ్యి కాగింది. ఆవాలు చిటపటలాడాయి. వెల్లుల్లి ఎర్రబడింది. పీనసాంతక అన్న మాట, దాని శంఖం, తాలింపు చుయ్యిమన్న చప్పుడు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిల్లి బిరుదు పూర్తయి వీరభట్టు నుదురు తుడుచుకుంటుండగా చెంగమ్మ నూకల అన్నం ఆకులో పెట్టి, దాని మీద కూర వేసింది. ఆవిరి రాజుగారి ముఖానికి తగిలింది.

మల్లభూపతి ముద్ద కలపబోయి, చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేళ్ళు ఊదుకుంటూ కొమ్మన వైపు చూశాడు. అన్నంతో వేళ్ళు కాలడం ఆయనకు చిన్నప్పటి తర్వాత అదే మొదటిసారి.

“కొమ్మనా.”

“ప్రభూ.”

“నా బిరుదులు చదివేలోగా ఒక పూట వంట అయిపోతుందా?”

“వంట కావలసి ఉంటే అవుతుంది ప్రభూ. అప్పటికే అయిపోయి ఉంటే చల్లారుతుంది.”

వీరభట్టు మెల్లగా శంఖం ఊదేవాడి వెనక్కి జరిగాడు.

“ఈ బిరుదులన్నీ కట్టింది ఎవరు?” అన్నాడు రాజు.

“నేనే ప్రభూ. అందుకే ఇవాళ పొయ్యి దగ్గర కూర్చున్నాను.”

మల్లభూపతి మొదట ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద తిన్నాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ తిన్నాడు, తింటూ పొలమారాడు, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు. “ఏనుగు దగ్గర ఆకుకూర వేసింది చూశావా, సరిగ్గా ఏనుగు దగ్గర” అని వీరభట్టుకు చూపించి మరీ నవ్వాడు. అందరూ నవ్వారు. చెంగమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“రేపటి నుంచి బిరుదులు తాంబూలం వేళ చదవండి. నిద్ర బాగా పడుతుంది” అన్నాడు రాజు. “చెంగమ్మా, ఇంకొంచెం కూర వెయ్యి. దండోరా లేదు, ఏమీ లేదు. కొమ్మనా, నీకేం కావాలో కోరుకో. ఉత్తరీయం వద్దులే, అవి నీ దగ్గర చాలానే ఉన్నాయి.”

కొమ్మన నోరు తెరిచేలోగా రాజుగారి నవ్వు దానంతట అదే ఆగిపోయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

“ఈమెకు ముందు ఒకావిడ ఉండేది కదూ” అన్నాడు మెల్లగా.

ముద్దను తిరిగి ఆకులో పెట్టాడు.

“ఆవిడ పేరేమిటి?”

పక్కనున్న మంత్రి తల తిప్పి వీరభట్టు వైపు చూశాడు. సూర్యుడి దగ్గర్నుంచి పిల్లి దాకా తడబడకుండా చదివే వీరభట్టు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. కొమ్మన జవాబు కోసం వెతుక్కున్నాడు. జీవితంలో మొదటిసారి అతని నోటికి ఏ మాటా అందలేదు. అన్నేళ్ళు ఆమె వండింది తిన్నాడు, పేరు అడగలేదు.

“మాచక్క, ప్రభూ” అంది చెంగమ్మ కుంపటి పక్కనుంచి.

“నా కోరిక అదే ప్రభూ” అన్నాడు కొమ్మన. “ఆవిడ ఊళ్ళో మళ్ళీ దండోరా వేయించండి, తప్పు ఆవిడ చేతిది కాదని. ఆవిడ ఒప్పుకుంటే తీసుకొస్తాను.”

మాచక్క ఊరు పొలిమేర దగ్గర. కొమ్మన దండోరా వేసేవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఓ పూరింటి అరుగు మీద ముసలామె కూర్చుని అలసంద కాయలు ఒలుస్తోంది. వేళ్ళు వణుకుతుంటే గింజలు సగం చేటలో, సగం నేల మీద పడుతున్నాయి. కొమ్మన వంగి కింద పడ్డవి ఏరసాగాడు.

“ఎవరు బాబూ?”

“కోట నుంచి వచ్చానమ్మా. కొమ్మనను.”

ఆమె ముఖం పైకెత్తి చూసింది. “బిరుదులు కట్టే అయ్యగారా? కూర్చోండి.”

అతను నేల మీదే కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. కుంపట్లు, ఏనుగు దగ్గర ఆకుకూర, పిల్లి, అన్నీ. ఆమె చక్కగా నవ్వింది. మధ్యలో, “పులుసు బావి దాటాక పోసిందా? మంచిపని చేసింది” అంది. నవ్వడం అయ్యాక కాయలు ఒలవడం కొనసాగించింది.

“నాకు తెలుసు అయ్యగారూ” అంది కాసేపటికి. “చల్లారేది ఎందుకో నాకూ తెలుసు. మీకు తెలుసని కూడా తెలుసు. ఆ రోజు తలుపు చాటునుంచి మిమ్మల్నే చూశాను. మాటకారి కదా, ఈయన ఏదో ఒకటి అంటాడులే అనుకున్నాను. మీరు తల వంచుకున్నారు.”

కొమ్మన చేతిలో గింజలు అట్లాగే ఉన్నాయి.

“నాతో రా అమ్మా. రాజుగారు రమ్మన్నారు. నీ చోటు నీకు ఇప్పిస్తాను.”

“ఎందుకు? ఇప్పుడు నిజంగానే చెయ్యి చచ్చింది. ఉప్పు ఎంత వేశానో నాకే తెలియడం లేదు.” ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. “ఆ దండోరా విన్నాక ఈ ఊళ్ళో ఒక్క పెళ్ళికీ నన్ను పిలవలేదు. పిలిచి ఉంటే బాగా చేసేదాన్ని. అప్పుడు బాగానే ఉండేది చెయ్యి.”

కొమ్మన మాటల్లో దేనికీ ఆ ఏళ్ళను వెనక్కి తెచ్చే బలం లేదు.

“దండోరా వేయిస్తానమ్మా” అన్నాడు చివరికి.

“వేయించండి. అప్పుడు ‘కోటలో వంటావిడ’ అన్నారు, పేరు కూడా చెప్పలేదు. పేరు చెప్పకపోయినా అది నేనేనని అందరికీ తెలిసింది. ఇప్పుడు మాత్రం పేరు చెప్పించండి. గట్టిగా.”

డప్పు మోగింది. జనం వాకిళ్ళలోకి వచ్చారు. దండోరావాడు మొదలుపెట్టబోతే కొమ్మన డప్పు మీద చెయ్యి వేసి ఆపి, తానే అరిచాడు. శంఖం లేదు, బిరుదు లేదు. మాచక్క చెయ్యి మంచిదని, తప్పు ఆమెది కాదని, వీధి వీధినా నిలబడి, గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. మాచక్క అరుగు మీద కాయలు ఒలవడం ఆపి ప్రతిసారీ విన్నది.

అమ్మాయీ హైమావతీ, నువ్వు మా చెల్లెలి కూతురివి, ఈ కథ మీ అమ్మ నోట కూడా విన్నావు. ఒకసారి పేర్లు చూసిపెట్టు. రాజు పేరు తప్పితే తప్పనీ. బిరుదులు నేనే సగం కల్పించానేమో, అవి ఎట్లా ఉన్నా ఫరవాలేదు. ఆ ముసలామెది మాచక్కో, మారక్కో, నిన్న ఒకటి అనిపించింది, ఇవాళ ఇంకొకటి అనిపిస్తోంది. అది ఒక్కటీ మీ అమ్మను అడిగి సరిచెయ్యి. తప్పు పేరుతో మాత్రం ఉంచకు.